పాఠాంతరమా, ప్రక్షిప్తమా? – ఆటల మ్యాపులను దిద్దువారి మర్యాద

ఒకరు తలపెట్టిన కృతిని వేరొకరు పూరించుట తెలుగువారికి క్రొత్త గాదు. మన ఆదికావ్యమే అట్టిది. 11వ శతాబ్దమున రాజమహేంద్రవరమున, రాజరాజనరేంద్రుని ఆస్థానమున, నన్నయభట్టు మహాభారతమును తెనిగింప నారంభించెను. ఆది, సభా పర్వములు ముగిసినవి. అరణ్యపర్వము నడుమ నిలిచిపోయినది. 13వ శతాబ్దమున తిక్కన సోమయాజి ఆ వెలితిని అట్లే యుంచి, విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములను రచించెను. 14వ శతాబ్దమున ఎఱ్ఱాప్రగడ ఆ నడిమి భాగమును పూరించెను. ఆయన పూరించిన తీరు గమనింపదగినది. తన్నాదరించిన ప్రోలయ వేమారెడ్డి యుండగా, ఆ భాగమును మూడువందల యేండ్ల క్రిందటి రాజరాజనరేంద్రుని పేరనే నిలిపెను. నన్నయ శైలికి దగ్గరగా మొదలిడి క్రమముగా తిక్కన శైలిలో కలిపెనని విమర్శకు లందురు. పర్వాంతమున మాత్రము పూరించినది తానేయని చెప్పుకొనెను. పెద్దవాని పేరు చెరుపలేదు, తన పేరు దాచలేదు.

పోతన భాగవతమునకును ఇట్టి చరిత్రయే కలదు. అందు పంచమస్కంధము గంగన రచన, షష్ఠస్కంధము సింగన రచన, ఏకాదశ ద్వాదశ స్కంధములు నారయ రచనలు. ఎవరి స్కంధమున వారి పేరు కలదు. కావున ఎవరు వ్రాసినది ఎంతయో నేటికిని చెప్పగలుగుచున్నాము.

ఇందుకు భిన్నమైన దారియు లేకపోలేదు. వ్రాతప్రతి తీయువాడు తనకు తోచిన పద్యమును నడుమ నిరికించి, తన పేరు చెప్పక, మూలకవి పేరనే చెలామణి చేసినచో దానిని ప్రక్షిప్తమందుము. ఫలానివారి పాఠమున ఇట్లున్నదని తెలిసి యున్నచో అది పాఠాంతరము. మార్పు రెంటను కలదు. పేరు చెప్పుట యొకదానను, దాచుట యొకదానను కలదు. తాటియాకుల నాటి యీ భేదము గడచిన ముప్పదియేండ్లకు పైగా ఒక వింతచోట మరల తలయెత్తినది. అది మన పిల్లలు కంప్యూటరుపై నాడు ఆటల లోకము.

ఆ యాటలు తెలియని పెద్దల కొరకు రెండు మాటలు చెప్పవలెను. ఒక కంపెనీ ఆటను తయారుచేసి అమ్మును. ఆట జరుగు స్థలమును, అనగా గదులు, దారులు, తలుపులు, శత్రువులు దాగియుండు మూలలు, వీని యేర్పాటునంతటిని మ్యాపు అందురు. కొన్ని యాటలతో పాటు మ్యాపు గీయు పనిముట్టు కూడ దొరకును; దానిని ఎడిటరు అందురు. దానితో ఆటగాడు తన సొంత మ్యాపును గీచి, వెల పుచ్చుకొనక, తోటివారికి పంచును. ఇది అభిమానుల పని. జీతము లేదు, అచ్చువేయు కంపెనీ లేదు. రాత్రులు మేలుకొని గీచినవాడు కోరునది పదిమంది ఆడుటయు, తన పేరు నిలుచుటయు మాత్రమే. అట్టి మ్యాపును మరియొకడు తీసికొని, తలుపు జరిపి, శత్రువును చేర్చి, ‘క్రొత్త పాఠము’ అని పంచినచో ఏది మర్యాద, ఏది కాదు అనునదియే యిక్కడి ప్రశ్న.

ఈ చరిత్రకు ముఖ్యమైన మలుపు 1993 డిసెంబరు 10. ఆ దినమున అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమునకు చెందిన ఇడ్ సాఫ్ట్‌వేర్ అను సంస్థ ‘డూమ్’ అను ఆటను విడుదల చేసెను. అంతకు ముందు 1992లో వెలువడిన ఆ సంస్థ యాట ‘వుల్ఫెన్‌స్టయిన్ 3డి’ని ఆటగాండ్రు తామే మార్చుకొనుచుండిరి, కాని మార్చుటకు అసలు ఆట ఫైళ్లనే చెరిపి వ్రాయవలసి వచ్చెడిది. అది మూలప్రతిపైనే కలము పెట్టుట వంటిది. దీనిని చూచిన ప్రోగ్రాము రచయిత జాన్ కార్మాక్ ‘డూమ్’లో ఆట నడుపు ప్రోగ్రామును, మ్యాపులు బొమ్మలు శబ్దములు గల సామగ్రిని వేరుచేసి, సామగ్రిని ‘వ్యాడ్’ అను ప్రత్యేక ఫైలున నుంచెను. ఇక మీద మార్పు చేయువాడు మూలమును ముట్ట నక్కరలేదు. తన ఫైలును ప్రక్కన చేర్చిన చాలును. 1994 ఆరంభముననే ఆటగాండ్రు తామే మ్యాపులు గీయు ఎడిటరును తయారుచేసిరి. ఈ మ్యాపులు వెల యిచ్చి కొన్న ప్రతితోనే పనిచేయవలెనని సంస్థ కోరగా తయారీదార్లలో పెక్కురు ఒప్పుకొనిరి. వేలకొలది మ్యాపులు పుట్టినవి.

మ్యాపులు పెరుగగా వానిని భద్రపరచు భాండారములు వెలసినవి. అందు చేర్చు ప్రతి మ్యాపుతోను ఒక చిన్న వివరణపత్రము నుంచు ఆచార మేర్పడెను. ఆ పత్రమునకు ఒక నమూనా కలదు. మ్యాపు పేరు, కర్త పేరు, ‘ఇంకను ఎవరికి కృతజ్ఞత’ అనునొక గడి, ‘ఆధారము’ అనునొక గడి, తెలిసిన దోషములకు ఒక గడి. ఆధారమన్న చోట ఇది మొదటినుండి గీచినదా, లేక వేరొకరి మ్యాపును దిద్దినదా చెప్పవలెను. చివరను అనుమతి వాక్యము. ఈ మ్యాపును ఆధారముగా గొని ఇతరులు క్రొత్త మ్యాపులు గీయవచ్చును, లేక గీయరాదు, అని కర్త రెంటిలో నొకటి తేల్చి చెప్పును. ఏ న్యాయస్థానమును విధింపలేదు, ఏ శాసనసభయు చట్టము చేయలేదు. పెక్కురు విద్యార్థులుగా నున్న కుఱ్ఱవాండ్రు తమలో తామే యీ కట్టుబాటును నిలుపుకొనిరి. మన కావ్యములలో ఆశ్వాసాంత గద్యము చేయు పనిని ఆ వివరణపత్రము చేసినది. కవి పేరు, తండ్రి పేరు, గ్రంథము పేరు, ఆశ్వాసము సంఖ్య చెప్పు ఆ గద్యము లేనిచో మన కవులలో నెందరి పేర్లు మిగిలియుండెడివి?

అయినను పత్రము అన్ని చిక్కులను తీర్పలేదు. ‘గీయరాదు’ అని వ్రాసిన కర్త అటుపిమ్మట కనబడకపోయిన నేమి చేయవలెను? 1994లో కళాశాల వారిచ్చిన విలాసముతో మ్యాపు పంపిన విద్యార్థి చదువు ముగించుకొని పోయెను. ఆ విలాసమునకు ఉత్తరము వ్రాసిన చేరదు. ఇడ్ సంస్థ 1997 డిసెంబరులో ఆట ప్రోగ్రాము మూలమును బయటపెట్టగా, దాని నాధారము చేసికొని క్రొత్త ప్రోగ్రాములు పుట్టినవి. పాత మ్యాపులలో కొన్ని వానియందు సరిగా నడువకుండెను. తెరువవలసిన తలుపు తెరువదు, ఆట ముగియదు. దిద్దినవాడు మేలు చేసినవాడే; కాని అనుమతి లేదు.

ఈ చిక్కునకు జీడూమ్ అను ప్రోగ్రామును తయారుచేసినవారు చక్కని యుపాయము కనిపెట్టిరి. మ్యాపు ఫైలును వారు ముట్టరు. ఫలాని మ్యాపు తెరచినపుడు ఫలాని సవరణ చేయవలెనని తమ ప్రోగ్రామునందే ఒక పట్టికగా వ్రాసికొనిరి. మ్యాపు భాండారములో 1994 నాటి రూపముననే యుండును. ఆడువానికి మాత్రము తలుపు తెరచుకొనును. ఇది వ్యాఖ్యాత పద్ధతి. మూలశ్లోకమున తప్పు తోచినను దానిని చెరుపక, క్రింద టీకలో ‘ఇట్లు చదువవలెను’ అని చెప్పుట మన పండితుల యాచారము. అనుమతి దొరకని చోట ఇంతకు మించిన మార్గము లేదని తోచును.

కర్తల నడుమ మర్యాద ఇట్లేర్పడుచుండగా, చట్టము ఎవరి వైపు చూచెనో తెలుపు సంఘటన యొకటి జరిగెను. 1996లో ‘డ్యూక్ న్యూకెమ్ 3డి’ అను ఆట ఎడిటరుతో కూడ వెలువడెను. ఆటగాండ్రు మ్యాపులు గీచి పంచుకొనవచ్చును గాని అమ్మరాదని దాని నిబంధన. మైక్రో స్టార్ అను సంస్థ ఆటగాండ్రు గీచిన 300 మ్యాపులను ఇంటర్నెట్ నుండి ప్రోగుచేసి, ఒక సీడీగా చేసి అమ్మకమునకు పెట్టెను. ఆటను ప్రచురించిన ఫార్మ్‌జెన్ సంస్థతో వ్యాజ్యము వచ్చెను. 1998లో అమెరికాలోని తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానము ఫార్మ్‌జెన్ పక్షమున తీర్పు చెప్పెను. ఆ మ్యాపులు డ్యూక్ అను నాయకుని క్రొత్త కథలు చెప్పుచున్నవి. అట్టి ఉత్తరకథలను నడుపు హక్కు ఆట సొంతదారులదే. ఇది తీర్పు సారము. తీర్పు న్యాయమే కావచ్చును. కాని ఆ 300 మ్యాపులు గీచినవారు వ్యాజ్యమున వాదులును గారు, ప్రతివాదులును గారు. వారి చెమటను అమ్ముకొన్న దొక సంస్థ, అడ్డుకొన్న దొక సంస్థ. మ్యాపు గీచినవాని పేరును కాపాడునది చట్టము గాదనియు, తోటి కర్తల మర్యాద యొక్కటియే యనియు అప్పటికే తేలినది.

ఆ మర్యాదకు గొప్ప పరీక్ష ‘వార్‌క్రాఫ్ట్ 3’ అను ఆటయందు జరిగెను. కాలిఫోర్నియాకు చెందిన బ్లిజర్డ్ సంస్థ 2002 జూలైలో దానిని విడుదల చేసి, ఎడిటరును కూడ జతపరచెను. 2003లో యూల్ అను మారుపేరు గల యాటగాడు ‘డిఫెన్స్ ఆఫ్ ది ఏన్షెంట్స్’ అను మ్యాపును తయారుచేసెను; వాడుకలో దానిని డోటా అందురు. ఇరువైపుల ఐదుగురు చొప్పున నిలిచి, ఒక్కొక్కడు ఒక్కొక్క వీరుని నడుపుచు, ఎదుటివారి మూలస్థానమును కూల్చుట ఆట. ఈ రీతియు పూర్తిగా అతడు కల్పించినది గాదు. అంతకు ముందు ‘స్టార్‌క్రాఫ్ట్’ అను ఆటలో ‘ఏయాన్ ఆఫ్ స్ట్రైఫ్’ అను అభిమానుల మ్యాపు ఇందుకు దారి చూపినది.

2003 జూలైలో ‘ఫ్రోజెన్ థ్రోన్’ అను అనుబంధము వెలువడిన పిమ్మట డోటా కనేకరూపములు పుట్టినవి. మియాన్, రాగ్నార్ అను మారుపేర్లుగల యిరువురు ఆయా రూపములలోని పేరుగన్న వీరులను ఒకచోట చేర్చి ‘డోటా ఆల్‌స్టార్స్’ అను కూర్పును వెలువరించిరి. దానిని గిన్సూ అనునతడు చేపట్టి పెంచెను. 2005లో ఐస్‌ఫ్రాగ్ అనునతని చేతికి వచ్చి, అతని చేతనే పెక్కేండ్లు దిద్దబడెను. ఒక్క కావ్యమునకు కవులు చేతులు మారినట్లే యిచ్చట చేతులు మారినవి.

ఇందు రెండు విషయములు మన మెన్నదగినవి. మొదటిది యూల్ 2004లో చేసిన ప్రకటన. ఇకమీద ఎవరైనను డోటా పాఠమును వెలువరింపవచ్చుననియు, తన సమ్మతి అడుగ నక్కరలేదనియు, కృతజ్ఞతల పట్టికలో తన్నొకమారు తలచిన చాలుననియు దాని సారాంశము. ధనము కోరలేదు, అధికారము కోరలేదు, పేరు కోరెను. రెండవది తరువాతివారు ఆ ఋణమును తీర్చిన తీరు. ఆటలో వీరుడు కొనుక్కొను సామగ్రిలో ఒక దండమునకు యూల్ పేరు పెట్టిరి. మరియొక ఆయుధమునకు గిన్సూ పేరు పెట్టిరి. లక్షలమంది ఆటగాండ్రు తాము ఎవరిని తలచుచున్నారో తెలియకయే ఆ పేర్లను దినదినమును పలికిరి. అంకితపద్యము చదువనివాడును కావ్యము చదువుచు కవి ముద్రను తాకినట్లు, ఇది కృతిలోపలనే పొదిగిన కృతజ్ఞత.

అందరును ఇంత మర్యాద పాటించిరని చెప్పరాదు. డోటాకు 6.27 మొదలైన సంఖ్యలతో పాఠములు వెలువడుచుండెను. నిజమైన తరువాతి పాఠము రాకముందే, ఎవరో తమకు తోచిన మార్పులు చేసి, ముందుసంఖ్యను తగిలించి పంచిన సందర్భములు కలవు. ఆడువానికి అది అసలో నకిలీయో తెలియదు. ఇదియే అచ్చమైన ప్రక్షిప్తము. కంప్యూటరునే ప్రత్యర్థిగా నిలిపి యొంటరిగా నాడుకొనుటకు వేరొకరు చేసిన పాఠములు కూడ కలవు. వారు మ్యాపు పేరులోనే ‘ఏ.ఐ.’ అను గుర్తు నుంచిరి. చూచిన వెంటనే యిది మూలము గాదని తెలియును. అది పాఠాంతరము. రెండక్షరములు చాలినవి.

దొంగచేతల భయమున కొందరు కర్తలు మ్యాపునకు తాళము వేసిరి. ఆడుటకు పనికివచ్చును గాని ఎడిటరులో తెరుచుకొనకుండునట్లు కొన్ని లోపలి ఫైళ్లను తీసివేయుచుండిరి. ఆ తాళమును విప్పు పనిముట్లను మరికొందరు తయారుచేసిరి. తాళమువలన నష్టమును లేకపోలేదు. కర్త ఆటను విడిచి వెడలిపోయిన పిమ్మట ఆ మ్యాపులోని దోషమును దిద్దగోరు సజ్జనునకును దారి మూసికొనిపోవును. పెట్టెలో బిగించిన తాటియాకులను చెదలు తినునట్లు, తాళమువేసిన మ్యాపు క్రొత్త పాఠముల నడుమ మరుగునపడును. నమ్మకమున్న చోట తాళ మక్కరలేదు. నమ్మకము లేని చోట తాళము చాలదు.

పిదప ధనము ప్రవేశించెను. ఐస్‌ఫ్రాగ్ 2009లో వాల్వ్ అను సంస్థలో చేరెను. 2011లో జర్మనీలోని కొలోన్ నగరమున జరిగిన ‘డోటా 2’ పోటీలో మొదటి బహుమతి పది లక్షల డాలర్లు. ఆట పూర్తిగా విడుదలయినది 2013లో. ఉచితముగా పంచుకొన్న మ్యాపు పేరు ఎవరిదను వివాదము వాల్వ్, బ్లిజర్డ్ సంస్థల నడుమ పుట్టి, 2012 మే నెలలో రాజీతో ముగిసెను. వ్యాపారమున ఆ పేరు వాల్వ్ సంస్థది. ఆటగాండ్ర మ్యాపులకు మాత్రము బ్లిజర్డ్ వాడుకొన నిచ్చునట్లు ఒప్పందము.

అంతతో ముగియలేదు. వేరొక వ్యాజ్యమున 2017లో కాలిఫోర్నియా న్యాయస్థానమున యూల్ నాటి ప్రకటనయే చర్చకు వచ్చినది. అందరును వాడుకొనుడని చెప్పినవాడు తన హక్కును వదలుకొన్నట్లా, కాదా? న్యాయాధిపతి దానిని తానే తేల్చివేయక, జ్యూరీ విచారింపవలసిన విషయమని చెప్పెను. మిత్రులను నమ్మి వ్రాసిన నాలుగు మాటలను పదమూడేండ్ల పిమ్మట న్యాయవాదులు అక్షరమక్షరము తూచిరి. 2020లో బ్లిజర్డ్ ‘వార్‌క్రాఫ్ట్ 3’ను క్రొత్తరూపమున విడుదల చేయుచు, ఆటగాండ్రు గీయు మ్యాపులన్నియు తమ సొత్తేయని నిబంధనలలో వ్రాసికొనెను. డోటా వంటి మ్యాపు మరల చేజారకుండుటకే యిట్లు చేసిరని పలువురు తలచిరి.

ఈ చరిత్ర నుండి ఏరుకొనదగిన నియమములు కొలదియే. మూలకర్తను అడుగవలెను, అతడు ముందే వ్రాసి యుంచిన అనుమతివాక్యమును అడుగుటకు ముందే చదువవలెను. ‘గీయరాదు’ అని వ్రాసిపోయినవాని మౌనమును అంగీకారముగా గ్రహింపరాదు. దిద్దిన పాఠమునకు వేరు పేరైనను, కనీసము వేరు గుర్తైనను పెట్టవలెను. తరువాతి సంఖ్యను తగిలించు హక్కు కర్తకును, అతడు అప్పగించినవానికిని మాత్రమే కలదు. మూలప్రతిని చెరుపక దొరకునట్లు చూడవలెను. ఏమి మార్చినది, ఏల మార్చినది పత్రమున వ్రాయవలెను. తనకు ముందు దిద్దినవారి నందరిని, మొదటివానిని మాత్రమే గాక, వరుసగా పేర్కొనవలెను. తాను విడిచిపోవునపుడు తన తరువాత ఎవరు దిద్దవచ్చునో చెప్పి పోవలెను. ఈ కడపటి నియమమును మరచువారే పెక్కురు.

దోషము దిద్దుట వేరు, రుచి మార్చుట వేరు అనుటయు గుర్తింపవలెను. తెరువని తలుపును తెరచుట దోషనివారణము. తలుపే యక్కరలేదని తీసివేయుట అభిప్రాయభేదము. మొదటిదానికి మూలకర్త సంతోషించును. రెండవదానికి దిద్దువాడు తన పేరున నిలువవలెను.

ఇతర రాష్ట్రములలో తరతరములుగా నిలిచిన తెలుగువారికి ఇది దూరపు ముచ్చట గాదు. 1767 నుండి 1847 వరకు జీవించి, తిరువయ్యారున నివసించిన త్యాగరాజస్వామి కీర్తనలు మనకు శిష్యపరంపరల ద్వారా వచ్చినవి. వాలాజాపేట, తిల్లస్థానము, ఉమయాళపురము అను మూడు శాఖలలో ఒకే కీర్తనకు సంగతులు వేరువేరుగా వినబడును. ఇది మా గురువుల పాఠము అని చెప్పి పాడు గాయకుడు స్వామికిని, గురువునకును, వినువారికిని మర్యాద చేయుచున్నాడు. మన యిండ్ల తెలుగు కూడ అట్టి పాఠాంతరమే. బెంగుళూరు తెలుగున కన్నడము, మధుర తెలుగున తమిళము, బరంపురము తెలుగున ఒడియా, షోలాపురము తెలుగున మరాఠీ, యానాము తెలుగున నొకటి రెండు ఫ్రెంచి మాటలు చేరియుండవచ్చును. అది తప్పు గాదు. తాతలనాటి పాట కొక చరణము చేర్చి, చేర్చినది మేమని చెప్పినచో అది బ్రతుకుచున్న భాషకు గుర్తు. చెప్పక చేర్చినచో రెండు తరముల పిమ్మట ఏది తాతలది, ఏది మనది అనుట ఎవరికిని తెలియకపోవును. ఊరు విడిచి వచ్చినవారికి పేర్లే ఆస్తి గనుక ఈ నష్టము మనకే యెక్కువ.

మన పిల్లలలో పలువురు ఇట్టి మ్యాపులను ఆడుచున్నారు, కొందరు దిద్దుచునున్నారు. ఆట మానుమని మనము చెప్పిన వినెదరో లేదో కాని, దిద్దిన మ్యాపు పత్రములో మొదటి గీతగాని పేరు వ్రాసితివా అని యడుగవచ్చును. ఆ యొక్క ప్రశ్నతో ఎఱ్ఱన మర్యాద వారికి చేరును. అటుపిమ్మట అరణ్యపర్వము చివరి పద్యమును తెరచి చూపుట సులభము.